కోతపండుగ శెనక్కాయలకు కూడా పరీక్ష కావాలి



కిందటి కోతపండుగలో వచ్చిన శెనక్కాయల మూటలను మేము వంటగది నుండి వెనక్కి తీయించిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దాన్ని గురించి సంఘంలో రెండు మూడు రకాలుగా మాటలు నడుస్తున్నాయి. "ఆసుపత్రివాళ్లకు కానుక విలువ తెలియదు" అన్నవారున్నారు. "ఎవరో మందు కొట్టిన కాయలు తెచ్చారట" అన్నవారూ ఉన్నారు. రెండూ నిజం కావు. ఉన్నది ఉన్నట్టుగా మేమే చెప్పుకోవడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. దానితోపాటు మా అభిప్రాయం కూడా ఒకటి చెప్పదలచుకున్నాము. అది అందరికీ నచ్చకపోవచ్చు.

ప్రతి సంవత్సరం కోతపండుగనాడు కుటుంబాలవారు తెచ్చే వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, శెనక్కాయలు వేలం అయిన తరువాత కొంత భాగం ఆసుపత్రి వంటగదికి వస్తుంది. మేము ట్రైనింగుకు వచ్చిన రోజులకే అది పాత ఆనవాయితీ. ఆ శెనక్కాయలు ఒలిచి, వేయించి, బెల్లం పాకంలో ఉండలు కట్టి పిల్లల వార్డులోనూ, టి.బి. రోగులకూ పంచుతాము. బక్కచిక్కిన పిల్లవాడికి ఇంత చవకలో ఇంత బలమిచ్చేది మరొకటి లేదని మాకు పని నేర్పిన పెద్ద సిస్టర్లు చెప్పేవారు. మేమూ ఇప్పటికీ అదే చెబుతాము. ఈ వ్యాసం చదివి ఎవరూ ఇంట్లో శెనక్కాయ చట్నీ మానుకోవద్దని ముందుగానే మనవి.

కిందటిసారి కాయ పీకి చేలో కుప్పలు వేసిన సమయానికి ముసురు పట్టుకుంది. మీకు తెలియనిది కాదు. వంటగదికి వచ్చిన 6 మూటలలో రెండింటికి ముక్కిన వాసన ఉంది. వంట చేసే అమ్మ "ఏం కాదు సిస్టరమ్మా, ఏయిస్తే పోతాదిలే" అంది. మేమూ అలాగే అనుకున్నాము. తప్పు మాదే, ఆమెది కాదు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లం మేము, వండే మనిషి మాట మీద తోసెయ్యడానికి లేదు. నల్లబడిన పప్పులు ఏరించాము, మిగిలినవి వేయించి ఉండలు చేయించాము, రెండు రోజులు పంచాము కూడా. మూడో రోజు, కొత్తగా డ్యూటీలో చేరిన ఒక చిన్న సిస్టరు ఉండ కొరికి చూసి, "మేడమ్, ఇది చేదుగా ఉంది. పిల్లలు కూడా ఉమ్మేస్తున్నారు" అని చెప్పింది. అదే వార్డులో పచ్చకామెర్లతో ఒక పిల్లవాడు ఉన్నాడు. నూనె వస్తువులు వద్దని డాక్టరుగారు చెప్పినందువల్ల వాడికి ఉండలు ఇవ్వలేదు. ఇవ్వలేదన్నది గుర్తొచ్చేదాకా మాకు గుండె దడ తగ్గలేదు.

వెంటనే ఒక గుప్పెడు పప్పులు పొట్లం కట్టి లాబొరేటరీకి పంపించాము. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది, పరిమితి లోపలే ఉంది అని. మేము ఊపిరి పీల్చుకున్నాము. కాని మా ఫార్మసిస్టుగారు ఒప్పుకోలేదు. "గుప్పెడు ఎక్కడి నుండి తీశారు?" అని అడిగారు. మూట మూతి దగ్గర నుండి, చేతికి అందినవి తీశాము. ఆయన రెండు మూటలనూ గచ్చు మీద పోయించి, పైన, కింద, నడుమ, మూలల నుండి కొంచెం కొంచెం తీయించి, అంతా కలిపి 3 కిలోలు చేసి, మిక్సీలో పిండి పట్టించి, ఆ పిండిలో నుండి తీసి పంపించారు. ఈసారి వచ్చిన రిపోర్టులో పరిమితికి నాలుగింతలు ఉంది. అవే మూటలు, అదే లాబొరేటరీ. మొదటి గుప్పెడు కూడా అబద్ధం చెప్పలేదు, ఆ గుప్పెడు మంచిదే. చెడ్డది దాని పక్కన ఉంది.

ఆ రెండు రోజులు ఉండలు తిన్న పిల్లలకు అప్పటికప్పుడు ఏమీ కాలేదు. కాలేదు గనుక హాని లేదని మేము అనడం లేదు. ఎందుకనలేమో చెప్పాలంటే ఆ విషం సంగతి కొంచెం చెప్పాలి.

బూజులన్నీ విషం కావు. కాని శెనక్కాయ, మొక్కజొన్న, ఎండుమిరప, పత్తిగింజల మీద పెరిగే ఒక పసుపుపచ్చ బూజు ఉంది, దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. ఆ బూజు పేరులో నుండే ఈ పేరు పెట్టారు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఏమిటో తెలియక మొదట దానికి "టర్కీ ఎక్స్ జబ్బు" అన్నారు. వెతుక్కుంటూ పోతే, బ్రెజిల్ దేశం నుండి వచ్చిన వేరుశనగ చెక్కను వాటికి మేతలో కలిపారని, అందులో ఈ విషం ఉందని తేలింది. కోళ్ల దాణాలో మొదలైన కథ అలా మనుషుల పళ్లెం దాకా వచ్చింది.

మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని 397 మందికి కామెర్లు, కడుపులో నీరు వచ్చాయి. 106 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో మిగిలిన అన్నం తిన్న కుక్కలకు కూడా అవే లక్షణాలు. అక్కడికి వెళ్లి ఆ మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ ఉందని తేల్చినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. 2004లో కెన్యాలో ఇలాగే 317 మందికి జబ్బు చేసి 125 మంది పోయారు. అక్కడా మొక్కజొన్నే.

ఇంత ఎక్కువ మోతాదు ఒక్కసారిగా తినడం అరుదు. మనకు ఎక్కువ భయం కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తినడం వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్‌ను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి వర్గంలో, అంటే పొగాకు ఉన్న వర్గంలోనే, చేర్చింది. ఇది కాలేయాన్ని పడుతుంది. హెపటైటిస్ బి వైరస్ రక్తంలో ఉన్నవారికైతే ఇదే విషం సుమారు 30 రెట్లు ఎక్కువ ప్రమాదకరమని లెక్క కట్టారు. లివర్ చెడి కడుపు ఉబ్బి వచ్చే మగవాళ్లను చూడగానే మనం "తాగుబోతు" అని పేరు పెట్టేస్తాము. అందరూ తాగినవాళ్లు కారు. ఒక్క చుక్క ముట్టని పెద్దమనిషి భార్య మా వార్డు వరండాలో "మా ఆయన తాగడు సిస్టరమ్మా, రాయండి ఆ మాట" అని ఏడవడం మేము చూశాము. ఆయన జబ్బుకు ఏది కారణమో మేము చెప్పలేము. కాని ఆ ఏడుపు మాత్రం మరచిపోలేదు.

ఇక పరిమితి అంటే ఎంత? తినడానికి సిద్ధంగా ఉన్న పప్పులలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ఆహార భద్రతా నిబంధన. దీన్నే 10 పి.పి.బి. అంటారు. ఇది ఎంతో మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. మీలో చాలామంది పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు కదా, 100 అని రాసి ఉండే మాత్రలో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. మాత్రలో మిగిలినదంతా పిండి. ఆ 100 మైక్రోగ్రాముల బరువంత విషం 10 కిలోల పప్పులో కలిస్తే చాలు, పరిమితిని అందుకున్నట్టే. దీనికి రంగు లేదు, రుచి లేదు. మా సిస్టరుకు తగిలిన చేదు బూజుది, ముక్కిన నూనెది, ఈ విషానిది కాదు. కావున చేదు లేకపోతే మంచిదే అనుకోవడానికి లేదు. వేయిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉడికించినా పోదు. ఈ ఒక్క మాట మాకు ఆ రోజు గుర్తుండి ఉంటే ఆ ఉండలు చేసేవాళ్లమే కాదు.

నోటికి, ముక్కుకు, కంటికి తెలియనిదాన్ని కనిపెట్టాలంటే పరికరం కావలసిందే. ఇదివరకు దీనికి పెద్ద లాబొరేటరీలే గతి. లక్షల ఖరీదు చేసే మెషీన్లు, వాటిని నడపడానికి చదువుకున్న మనుషులు, రిపోర్టుకు రోజులు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు ఎలీసా పరీక్షను చవకగా చేసే కిట్టును చాలాకాలం క్రిందటే తయారుచేశారు. ఎలీసా అనగానే మీకు హెచ్.ఐ.వి. పరీక్ష గుర్తుకొస్తుంది, పద్ధతి అదే. 2016లో అదే సంస్థ ఇంకా చిన్న పరికరాన్ని ప్రకటించింది. చేతిలో పట్టుకుపోగలిగే కార్డు, 15 నిమిషాల లోపల ఫలితం, ఒక్కో పరీక్షకు 2 డాలర్ల కంటే తక్కువ ఖర్చు, 10 పి.పి.బి. దగ్గర పట్టుకోగలదు అని. ఇప్పుడు అనేక కంపెనీల కార్డులు బజారులో ఉన్నాయి. కార్డును లోపల పెడితే గీత ఎంత ముదురుగా ఉందో చూసి అంకె చెప్పే చిన్న మెషీన్లు ఉన్నాయి, సెల్‌ఫోను కెమెరాతో చదివేవీ ఉన్నాయి.

ఈ కార్డు ఎలా పనిచేస్తుందో మా నర్సింగ్ విద్యార్థినులకు చెబితే వాళ్లు నవ్వారు. చూడటానికి అచ్చం గర్భ పరీక్ష కార్డులాగే ఉంటుంది. కాని చదవడం తలకిందులు. గర్భ పరీక్షలో రెండో గీత వస్తే ఉన్నట్టు. ఇక్కడ రెండో గీత వస్తే విషం లేనట్టు, లేదా పరిమితి కంటే తక్కువ ఉన్నట్టు. గీత రాకపోతే ఉన్నట్టు. ఎందుకంటే కార్డులో రంగు పూసిన యాంటీబాడీలు ఉంటాయి. పిండిలో విషం ఉంటే అవి ముందే దాన్ని పట్టుకుని నిండిపోతాయి, గీత దగ్గర అతుక్కోవడానికి ఇక మిగలవు. విషం లేకపోతే నేరుగా వెళ్లి గీత దగ్గర అతుక్కుని రంగు చూపిస్తాయి. మొదటి గీత మాత్రం ఎప్పుడూ రావాలి. అదీ రాకపోతే ఆ కార్డు చెడిపోయిందని పారవేయాలి. ఆశా కార్యకర్తలుగా చేసిన మన సంఘపు అక్కలు ఎవరైనా ఈ కార్డు పట్టుకుంటే, అలవాటు కొద్దీ తప్పుగా చదివి మంచి మూటను పారబోసి చెడ్డ మూటను వంటింట్లో పెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఇంతగా చెబుతున్నాము.

ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. పప్పును మెత్తగా పిండి చేసి, మిథనాల్ కలిపిన నీళ్లలో బాగా ఊపి, వడకట్టి, పలుచన చేసి ఆ చుక్కలు కార్డు మీద వేయాలి. మిథనాల్ విషం, మండేది, వంటగదిలో పెట్టేది కాదు. కార్డులకు వేడి, తేమ పనికిరావు. మే నెలలో మన ఊళ్లో కారులో మరచిపోయిన కార్డు ఏం చెబుతుందో నమ్మలేము. టీకాలను ఐస్ డబ్బాలో మోసినవాళ్లకు ఇది కొత్త కాదు. శెనక్కాయకని చేసిన కార్డుతో ఎండుమిరపకాయను పరీక్షించరాదు, ఆ ఎర్రరంగు పరీక్షకు అడ్డం వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా డబ్బా మీద ఎన్ని పి.పి.బి. అని రాసి ఉందో చూడాలి. అమెరికాలో పరిమితి 20, ఆ లెక్కన చేసిన కార్డులు కూడా అమ్ముతారు. దాని మీద రెండు గీతలు వచ్చినా మన 10 దాటి ఉండవచ్చు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది మా ఫార్మసిస్టుగారు గచ్చు మీద పోయించిన మూటల సంగతి. ఈ విషం పాలలో నీళ్లలాగా అంతటా సమంగా కలిసి ఉండదు. వెయ్యి పప్పులలో ఒకటి రెండు మాత్రమే చెడి ఉంటాయి, కాని ఆ ఒక్క పప్పులోనే మిగిలిన వాటినన్నిటినీ చెరిపేటంత ఉండవచ్చు. ఆ పప్పు మీ గుప్పెట్లో పడితే మూట అంతా చెడ్డది, పడకపోతే అంతా మంచిది. అందుకే యూరప్‌లో దిగే వేరుశనగ పెద్ద లోడుకు 100 చోట్ల నుండి తీసి 20 కిలోల నమూనా చేస్తారు. 15 నిమిషాలలో ఫలితం అని కార్డు కంపెనీలవాళ్లు చెబుతారు. ఆ 15 నిమిషాలకు ముందు ఒక గంట చెమట పట్టే పని ఉందని చెప్పరు. పరికరం ఎంత గొప్పదైనా, దాని నోట్లో మనం ఏం పెడితే దాని సంగతే చెబుతుంది.

మన ఆసుపత్రి కమిటీ ముందు ఇప్పుడు ఒక మెషీను కొనాలనే ప్రతిపాదన ఉంది. కొందరు పెద్దలు ఆ డబ్బుతో మరొక డయాలిసిస్ కుర్చీ వస్తుంది కదా అంటున్నారు. మా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాము. మెషీను వద్దు, కార్డులు చాలు. వంటగదికి వచ్చే మూటలు ఏడాదికి ఎన్ని? వాటికి ఒక మంచి గ్రైండరు, ఒక త్రాసు, ఒక చిన్న తేమ కొలిచే పరికరం, 50 కార్డులు ఉంటే సరిపోతుంది. మిగిలిన డబ్బుతో టార్పాలిన్ పట్టలు కొని, కాయ పీకే సమయానికి సంఘపు రైతు కుటుంబాలకు అప్పుగా ఇవ్వమని మేము కోరుతున్నాము. ఆసుపత్రి పట్టలు పంచడమేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. దోమతెరలు పంచినప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఎందుకంటే ఈ బూజు పని చాలావరకు మూట కట్టకముందే అయిపోతుంది. పంట చివరి రోజుల్లో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, భూమిలో ఉండగానే కాయకు బూజు పడుతుంది. ఇది అనంతపురం వైపు రైతుకు చెప్పనక్కరలేని కథ. దానికి మనం చేయగలిగింది తక్కువ. కాని పీకిన తరువాత తడవకుండా చూడటం, కాయ గలగల మోగేదాకా ఎండబెట్టడం, పప్పు కొరికితే పుటుక్కున విరిగేదాకా మూట కట్టకపోవడం, మూటలను గోడకు ఆనించకుండా బల్ల మీద పెట్టడం మన చేతిలోనిదే. ఇంకొక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. మిషనులో పప్పు నలగకుండా ఉండాలని కాయల మీద నీళ్లు చల్లి ఒలిపిస్తారు. తూకం కూడా కలిసివస్తుంది. ఎండబెట్టి చేసిన మేలంతా ఆ రెండు బిందెల నీళ్లతో పోతుంది. ఆ పని చేసేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు, మా చుట్టాలలోనూ ఉన్నారు.

ఇప్పుడు మేము చెప్పదలచుకున్న అసలు మాట. ఈ కార్డు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉండటం ఆలస్యమైన చోట ఉండటమే. ఉండవలసింది కొనుగోలు దగ్గర, యార్డులో, నూనె మిల్లు గేటు దగ్గర. యూరప్‌కు పంపే వేరుశనగకు లాబొరేటరీ సర్టిఫికెట్ తప్పనిసరి, దాన్ని కేంద్ర ప్రభుత్వపు అపెడా సంస్థ చూస్తుంది. అక్కడివాళ్లు నేరుగా తినే వేరుశనగ పప్పులో మొత్తం 4 పి.పి.బి. దాటకూడదు. మంచిదే. కాని అక్కడ పనికిరాదన్న సరుకు ఎక్కడికి పోతుంది? సముద్రంలో పారబోయరు కదా. మన అంగట్లో చిల్లరగా అమ్మే పప్పుకు, పొడి చేసి అమ్మే పప్పుకు, చవక చిక్కీలో పడే నూక పప్పుకు సర్టిఫికెట్ అడిగేవాళ్లెవరు? పొడి చేశాక, పాకం పట్టాక కన్ను పట్టలేదు, ముక్కు పట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో బడి భోజనంలో శెనక్కాయ చిక్కీ చేర్చారు. బక్కపిల్లలకు అది మంచి నిర్ణయమని మేము ఇప్పటికీ అంటాము. అందుకే ఆ చిక్కీలో పడే పప్పుకు యూరప్ ఓడ ఎక్కే పప్పుకు ఉన్నంత పరీక్ష ఉండాలని కూడా అంటాము.

అయితే కార్డు ఎవరి చేతిలో ఉంటుందన్నది చిన్న విషయం కాదు. దీని గురించి మాట్లాడుతుంటే స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. "సిస్టరమ్మా, ఆ కార్డు సేటు చేతిలో ఉంటే, గీత రాలేదని చెప్పి క్వింటాల్‌కు వెయ్యి తగ్గిస్తాడు. ఆ మీద అదే సరుకు ఇంకొకరికి మంచి ధరకు అమ్ముకుంటాడు. రైతుకు ఏమొచ్చింది?" అంది. ఆమె మాట నిజం. కొనేవాడే పరీక్షించి, వాడే చదివి, వాడే ధర చెప్పే పద్ధతిలో ఈ కార్డు రైతు మెడకు మరొక ఉరి అవుతుంది. పరీక్ష చేసేవారు కొనేవారు కాకూడదు, అమ్మేవారూ కాకూడదు. నమూనా ఇద్దరి ఎదుట తీయాలి, సగం సీలు వేసి రైతుకు ఇవ్వాలి, మరొకసారి అడిగే హక్కు ఉండాలి. మా లాబులో రక్తం గ్రూపు రెండుసార్లు చూడనిదే రక్తం ఎక్కించము. ఒక కుటుంబపు ఏడాది పంటకు ఒక్క గుప్పెడు చాలునా?

పనికిరాదన్న మూటకు కూడా ఒక దారి చూపాలి. దారి లేకపోతే అది తప్పకుండా ఎవరో ఒకరి పళ్లెంలోకే వస్తుంది. నూనె పడితే విషం ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, రిఫైనరీలో శుద్ధి చేసిన నూనెలో దాదాపు మిగలదు. కావున అటువంటి సరుకు రిఫైనరీకి పోవాలి, గానుగకు కాదు. ఈ మధ్య గానుగ నూనె మీద మోజు పెరిగింది. మంచి పప్పుతో ఆడించుకుంటే మంచిదే. కాని తేరుకోని, వడకట్టని నూనెలో చెక్క నలకలతోపాటు విషం కూడా రావచ్చు. చవకగా దొరికిన ముక్క పప్పు గానుగ ఆడించడం మందు పేరుతో జబ్బు కొనుక్కోవడమే.

మరి ఆ చెక్క? గేదెకు వేస్తాము. మనిషికి పనికిరానిది గొడ్డుకు పనికొస్తుందనుకోవడం మనకు బాగా అలవాటు. బూజు చెక్క తిన్న గేదె పాలలో ఆ విషం రూపం మార్చుకుని ఒక రోజులోపే కనిపిస్తుంది. దాన్ని ఎం1 అంటారు. మేత మారిస్తే కొద్ది రోజులలో పోతుంది. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతటా తీసిన 6,432 పాల నమూనాలలో 368 నమూనాలలో ఇది పరిమితి దాటి ఉంది. పాలలో నీళ్లు కలిపారా అని మనం రోజూ పాలాయనతో పోట్లాడుతాము. గేదె ఏం తిన్నదని ఎప్పుడూ అడగలేదు. పాలు ఎక్కువగా తాగేది ఇంట్లో చిన్నపిల్లలే.

ఇళ్లలో కార్డు కొనమని మేము చెప్పడం లేదు. ఇంట్లో చేయగలిగింది వేరే ఉంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, రంధ్రం పడినవి, మొలకెత్తినవి ఏరి పారవేయండి, కోడికి కూడా వేయకండి. ఏరడం వల్ల చాలా మేలు ఉంది, చెడ్డ పప్పులు ఎక్కువగా అటువంటివే. పొడి చేసిన పప్పు కాకుండా కాయగానో నిండు పప్పుగానో కొనండి. మూడు నెలలకు సరిపడా కాక, మూడు వారాలకు సరిపడా తెచ్చుకోండి. పిల్లలకు హెపటైటిస్ బి టీకా పుట్టిన 24 గంటలలోపల వేయించండి, మిగిలిన డోసులు తప్పకండి. ఆ టీకాకూ ఈ శెనక్కాయకూ సంబంధం ఏమిటని ఇక అడగరనుకుంటాము.

"మా తాతలు తిన్లేదా?" అని ఒక పెద్దాయన ఓ.పి. దగ్గర అడిగాడు. తిన్నారు. ఆ తాత ఎన్నేళ్లు బతికాడని మేము అడిగితే, ఆలోచించి, "కడుపుబ్బి పోయినాడమ్మా, నలభై ఐదు ఉంటాయేమో" అన్నాడు. దేనివల్ల పోయాడో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆ మాట మీద ఇద్దరమూ కాసేపు ఊరుకున్నాము.

వచ్చే కోతపండుగ విషయానికొస్తే, వంటగదికి వచ్చే శెనక్కాయ, మొక్కజొన్న మూటలన్నిటినీ పండుగ మరుసటి రోజు ఫార్మసీ వెనుక షెడ్డులో గచ్చు మీద పోయించి నమూనా తీస్తాము. మూటల మీద పేర్లు రాయవద్దు. ఏ మూట ఎవరిదో మాకు తెలియనవసరం లేదు, తెలిసినా చెప్పము. కిందటిసారి ఆ రెండు మూటలు తెచ్చిన కుటుంబం ఎవరిదని ఇప్పటికీ అడుగుతున్నవారికి ఇదే మా జవాబు. వాళ్లు తమకు ఉన్నదానిలో నుండి తెచ్చారు, తమ ఇంట్లోనూ అవే తిన్నారు. వాన ఒక్కరి చేలోనే పడలేదు.

కాయలు ఒలవడానికి, ఏరడానికి చేతులు కావాలి. ఆ రోజు ఉదయం 8 గంటలకు స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లు వీలైనంతమంది షెడ్డు దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాము. కళ్లజోడు ఉన్నవారు మరచిపోకుండా తెచ్చుకోండి.